తమ్ముడి కడుపునొప్పి

మా తమ్ముడు నాకంటే ఆరేళ్లు చిన్న. వాడు మూడో తరగతిలో ఉండగానే మా నాయన వాణ్ని కోచింగ్‌లో చేర్పించాడు. ఐదో తరగతి పిల్లలకు పెట్టే ప్రవేశ పరీక్ష ఒకటుంది. అందులో నెగ్గితే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా సర్కారు వసతి బడిలో చదువు, తిండి, బట్టలు అన్నీ వాళ్లే చూసుకుంటారు. జిల్లా మొత్తానికి ఉండే సీట్లు కొద్దే. పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. తప్పిన పిల్లాడికి మళ్లీ అవకాశం లేదు.

నాయన ప్రొద్దుటూరులో ఒక నగల అంగట్లో సేల్స్‌మన్. తెల్లటి పరుపు మీద కూర్చుని, వచ్చినవాళ్లకు గొలుసులూ కమ్మలూ తీసి చూపించడం ఆయన పని. పదో తరగతి తప్పి ఆ పనిలో చేరాడు. పెళ్లి నగలు కొనడానికి వచ్చిన ఒక ఇంజనీరు మాటల మధ్యలో తాను ఆ బడిలోనే చదివానని చెప్పాడట. వాళ్ల నాయన బండలు కొట్టే కూలీ అట. ఆ రోజు నాయన అన్నం తింటూ ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పాడు. నాకు ఆ వయసు అప్పటికే దాటిపోయింది కాబట్టి ఆయన ఆశంతా తమ్ముడి మీదికి పోయింది.

మొదట్లో వాడికి కోచింగ్ అంటే ఇష్టంగానే ఉండేది. ఆ మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఆ పరీక్షలో బొమ్మల ప్రశ్నలుంటాయి. ఒక ఆకారాన్ని అద్దంలో చూస్తే ఎట్లా కనపడుతుంది, కాగితాన్ని మడిచి చిల్లు పెట్టి విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ వస్తాయి, నాలుగింటిలో ఏది వేరే, ఇట్లాంటివి. వాడు వాటిని ఆటలాగా ఆడాడు. అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే సగం వేసిన చోట ఆపమని, మిగతా సగం తాను చెప్పేవాడు. అమ్మ జాకెట్లు కుట్టగా మిగిలిన లైనింగ్ ముక్కలు మడిచి, కత్తెరతో మూలలు కత్తిరించి, విప్పకముందే ఎట్లా ఉంటుందో నేలమీద సుద్దతో గీసేవాడు. చాలాసార్లు సరిగ్గా వచ్చేది. వాడి ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు.

నాలుగో తరగతి సగంలో కోచింగ్‌లో ఆదివారం టెస్టులు మొదలయ్యాయి. రెండు గంటలు, ఎనభై ప్రశ్నలు, జవాబు కాగితం మీద గుండ్రాలు నింపాలి. సాయంత్రానికల్లా మార్కుల వరుస తల్లిదండ్రుల ఫోన్లకు వచ్చేది. మా వాడు పైవరుసలోనే ఉండేవాడు, కానీ మొదటివాడు కాదు. నాయన ఎప్పుడూ కొట్టలేదు, కసరలేదు. ఫోను చూసి, వాణ్ని దగ్గర కూర్చోబెట్టుకుని, తప్పుపోయినవి ఒక్కొక్కటే అడిగేవాడు. ఎందుకు తప్పు పెట్టావో చెప్పమనేవాడు. వాడికి చెప్పడం వచ్చేది కాదు. తొమ్మిదేళ్ల పిల్లాడికి తాను ఎందుకు పొరపడ్డాడో ఏం తెలుస్తుంది? చెప్పలేక తల వంచుకునేవాడు. నాయన చాలా మెల్లగా, "ఈసారి అట్లా కానీయొద్దు నాయనా" అనేవాడు.

కడుపునొప్పి అప్పుడు మొదలైంది. ఆదివారం పొద్దున్నే లేచి బొడ్డు పట్టుకుని కూర్చునేవాడు. మొదటిసారి అమ్మ వాము నీళ్లు తాగించి పడుకోబెట్టింది. టెస్టు వేళ దాటగానే లేచి ఆడుకున్నాడు. రెండోసారీ అంతే. నాలుగైదుసార్లు అయ్యాక నాయన వాణ్ని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన కడుపు నొక్కి చూశాడు, స్కానింగ్ తీయించాడు, ఏమీ లేదన్నాడు. పరీక్ష భయానికి కొందరు పిల్లలకు ఇట్లా వస్తుందని, నొప్పి నిజంగానే ఉంటుందని, భయం తగ్గితే అదే పోతుందని చెప్పాడట. ఆ మాటల్లో మా ఇంటికి చేరింది మాత్రం "ఏమీ లేదు" అన్న ఒక్క ముక్కే.

అప్పటి నుంచి వాడు కడుపు పట్టుకుంటే ఇంట్లో ఎవరూ కంగారుపడేవాళ్లు కాదు. అమ్మ వాము నీళ్లు ఇచ్చేది. నాయన బండి తీసి వెనక ఎక్కించుకుని పోయేవాడు. వాడు కూడా మెల్లమెల్లగా చెప్పడం తగ్గించాడు. ఆదివారం టిఫిన్ తినకుండా పళ్లెం పక్కకు జరిపితే, ఈ రోజు నొప్పి ఉందని నాకు అర్థమయ్యేది. కోచింగ్ మానిపిద్దామని అమ్మ ఒకసారి అన్నది. ఇంత దూరం వచ్చాక మానిపిస్తే పిల్లాడే రేపు మనల్ని అడుగుతాడని నాయన అన్నాడు. అందులోనూ నిజం లేకపోలేదు. ఆ పరీక్ష రాసే పిల్లలందరూ ఎక్కడో ఒకచోట తర్ఫీదు పొంది వచ్చేవాళ్లే. బడిపాఠాలతోనే పోయి నెగ్గుకొచ్చిన పిల్లాడు మా వీధిలో ఒక్కడూ లేడు.

అసలు పరీక్ష కేంద్రం జమ్మలమడుగులో పడింది, అక్కడి హైస్కూల్లో. పెళ్లి జాకెట్లు ఇచ్చే గడువు ఉండి అమ్మ రాలేకపోయింది. అక్కనైన నేను రావాలని వాడు పట్టుబట్టాడు. నాయన, నేను, వాడు పొద్దున్నే బస్సెక్కాం.

ముందురోజు సాయంత్రం నుంచే వాడికి కడుపులో నొప్పి. పరీక్ష ముందు రాకుండా ఎట్లా ఉంటుందని అందరం అనుకున్నాం. పొద్దున దోసె ముట్టలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ప్రొద్దుటూరు దాటిన కాసేపటికి తల బయటపెట్టి వాంతి చేసుకున్నాడు. కడుపులో ఏమీ లేదు, పసరు నీళ్లే. మూతి తుడిచి నా ఒళ్లో పడుకోబెట్టుకుంటే ఒళ్లు వెచ్చగా తగిలింది. కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. సాచమంటే సాచలేదు.

"అక్కా, ఈ నొప్పి ఆ నొప్పి కాదు" అన్నాడు.

ఎట్లా అని అడిగాను. ఎప్పుడూ బొడ్డు దగ్గర వచ్చేదని, ఇది రాత్రి అక్కడే ఉండి ఇప్పుడు కుడిపక్కకు దిగిందని చెప్పాడు. బస్సు గుంతలో పడినప్పుడల్లా కుడిచేత్తో అక్కడ అదుముకున్నాడు.

ముందు సీట్లో ఉన్న నాయనకు ఆ మాట చెప్పాను. ఆయన లేచి వచ్చి వాడి నుదురు తాకి చూశాడు. ఆ కొద్దిసేపు ఆయన కళ్లల్లో అనుమానం కదలడం నేను చూశాను. తర్వాత, స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు కదా అన్నాడు. నాకు చెప్పాడా, తనకు తాను చెప్పుకున్నాడా తెలియదు.

దిగినాక వాడు వంగి నడిచాడు. గేటు దగ్గర చాలామంది పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. కొందరు చివరి నిమిషంలో కూడా పుస్తకం తెరిచి ఎక్కాలు అడుగుతున్నారు. ఒకామె కొడుకు నోట్లో పెరుగన్నం ముద్దలు పెడుతోంది. మా వాడు గోడకు ఆనుకుని నిలబడి, "నాయనా, శానా నొస్తాంది. ఇంటికి పోదాం" అన్నాడు. రెండేళ్లలో వాడు ఇంటికి పోదామని అడగడం అదే మొదటిసారి.

నాయన వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. చొక్కా కాలరు సర్దాడు. చెంప మీద చెయ్యి పెట్టాడు.

"రెండు గంటలు నాయనా. రోంత ఓర్చుకో. ఇది రాసేసి వస్తే ఇంగ నిన్ను ఏ పరీక్షా రాయమనను. డాక్టరు కాడికి నేరుగా ఈన్నించే పోదాం."

వాడు కాసేపు ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత పరీక్ష అట్ట తీసుకుని లోపలికి పోయాడు.

మేము రోడ్డుకు ఆవలి పక్క ఒక అంగడి పంచన కూర్చున్నాం. నాయన టీ తెప్పించుకుని తాగకుండా చల్లారబెట్టాడు. రెండుసార్లు గేటు దాకా పోయి వచ్చాడు. లోపలికి పిలిపించుకుందామా అని నేను అడిగాను. ఇప్పుడు పిలిస్తే మళ్లీ రాయనివ్వరన్నాడు.

పిల్లలందరూ పరుగెత్తుకుంటూ వచ్చాక, ఆఖర్న మా వాడు వచ్చాడు. పరీక్ష గదిలో ఉన్న టీచరమ్మ వాడి భుజం పట్టుకుని నడిపించుకొచ్చింది. పిల్లాడు చెమటతో తడిసిపోతుంటే బయటికి పంపిస్తానన్నాననీ, వాడేమో తాను రాయాలనీ, నాయన బయట కాచుకుని ఉన్నాడనీ అంటూ కదలలేదనీ ఆమె చెప్పింది. ఇట్లాంటి పిల్లాణ్ని తీసుకురావచ్చునా అని నాయనను అడిగింది. నాయన జవాబు చెప్పేలోగా వాడే అన్నాడు: "అన్నీ నింపినా నాయనా. నొప్పి కూడా తగ్గింది."

నిజంగానే తగ్గిందట. రాస్తుండగా లోపల ఏదో పట్టు వదిలినట్టయి హాయిగా అనిపించిందట. నాయన ముఖం విప్పారింది. పరీక్ష అయిపోగానే తగ్గిందంటే డాక్టరు చెప్పినట్టు భయమే కదా అన్నాడు. ఇక ఆస్పత్రి ఎందుకని, వాడికి సోడా తాగించి, తిరిగి ప్రొద్దుటూరు బస్సెక్కించాడు.

సాయంత్రానికి వాడి ఒళ్లు కాలిపోయింది. కడుపు చెక్కలాగా గట్టిపడి, చీర కొంగు తగిలినా అరిచాడు. అమ్మ వాణ్ని చేతుల మీద ఎత్తుకుని ఆటోలో కూర్చున్నాక గానీ నాయనకు చెప్పులు వేసుకోవడం గుర్తురాలేదు. ప్రొద్దుటూరు ఆస్పత్రిలో సర్జన్ చూసి, అపెండిక్స్ పగిలిందని, చీము కడుపంతా పాకిందని చెప్పాడు. నొప్పి తగ్గినట్టు అనిపించింది అది పగిలిన క్షణంలోనేనని కూడా ఆయనే చెప్పాడు. అక్కడి నుంచి అంబులెన్స్‌లో కడపకు పంపారు. ఆపరేషన్ చేసి, పక్కలో గొట్టం పెట్టి, చాలా రోజులు ఉంచుకున్నారు. మొదటి కొన్ని రోజులు బతుకుతాడని ఎవరూ గట్టిగా చెప్పలేదు. నాయన వార్డు బయట మెట్ల మీదే ఉన్నాడు. అమ్మ ఆయనతో మాట్లాడలేదు. అన్నం క్యారియర్ నా చేతికిచ్చి పంపేది.

వాడు బతికాడు. ఇంటికి వచ్చాక ఎముకల గూడులాగా ఉండేవాడు. కడుపు మీద పొడుగాటి కుట్టు. చొక్కా ఎత్తి చూపించమని ఎవరు అడిగినా చూపించేవాడు కాదు. వాడు మళ్లీ వీధిలోకి పోయి ఆడుకునే వేళకు ఎండలు ముదిరాయి. అప్పుడు వచ్చాయి ఫలితాలు.

వాడికి సీటు వచ్చింది.

నాయన అంగట్లో ఉండగా కోచింగ్ సారు ఫోన్ చేశాడట. నాయన నలుగురు గిరాకీల ముందే ఏడ్చాడట. అంగడి యజమాని మా తమ్ముణ్ని పిలిపించి శాలువా కప్పాడు. కోచింగ్ వాళ్లు వాడి ఫోటోతో బజార్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫోటోలో వాడి చెంపలు ఇంకా లోపలికి పోయే ఉన్నాయి.

అక్కడి నుంచి జరిగినదే నాకు మింగుడుపడదు. అప్పటిదాకా మా ఇంట్లో ఎత్తడానికి భయపడిన సంగతి ఒక్కసారిగా గొప్పల కథ అయిపోయింది. గొలుసు బేరం చేసేవాళ్లకు, బంధువులకు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు నాయన చెప్పేవాడు. "కడుపులో పేగు పగిలినా బెంచీ మీదినుంచి లేయలేదప్పా నా కొడుకు." విన్నవాళ్లు నోరు తెరిచేవాళ్లు. వాణ్ని దగ్గరికి పిలిచి తల నిమిరేవాళ్లు. నాయన అబద్ధం చెప్పేవాడు కాదు, జరిగినదే చెప్పేవాడు. గేటు దగ్గరి మాట ఒక్కటే వదిలేసేవాడు. కొన్నాళ్లకు ఆయనకు కూడా అది గుర్తులేదేమో. అట్లా మరిచిపోకుండా ఆ మనిషి ఇంట్లో తిరగగలిగేవాడు కాదేమో అని ఇప్పుడు అనుకుంటాను.

పంపవద్దని అమ్మ పోరాడింది. మానిన కుట్టు మీద నీళ్లు పడినా తనకు భయమేస్తుంటే హాస్టల్లో ఎవరు చూస్తారన్నది. చివరికి వాణ్నే అడగమన్నది. వాడు పోతానన్నాడు. నేను విడిగా, నీకు నిజంగా ఇష్టమేనా అని అడిగితే, "నాయన అందరికీ చెప్పేసినాడు గదక్కా" అన్నాడు.

వసతి బడిలో వాడు బాగానే చదివాడు. ఆ బడిని నేను తప్పుపట్టను. వాడితో పోయిన పిల్లల్లో కూలీల బిడ్డలు ఇద్దరు ఇప్పుడు మంచి కాలేజీల్లో ఉన్నారు. సెలవులకు వచ్చినప్పుడు వాడు మాత్రం చుట్టం మాదిరి ఉండేవాడు. పెట్టింది తినేవాడు, చాలు అనేవాడు. ఏది అడిగినా బాగుందనే చెప్పేవాడు.

నాకు పులివెందులలో సంబంధం కుదిరింది. అత్తగారి వాళ్లకు ఊరి బయట చీనీ తోట. వాడు పదో తరగతిలో ఉండగా సెలవులకు మా దగ్గరికి వచ్చాడు. బత్తాయి కాయల కోత జరుగుతోంది. వాణ్ని చెట్ల మధ్య తిప్పుతూ బోరు మోటారు వైపు తీసుకుపోతున్నాను. పట్టుమని పది చెట్లు దాటకుండానే ఆగి, చెట్టు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. దగ్గాడు. ఆ దగ్గు కొత్తగా వచ్చింది కాదని వినగానే తెలిసింది. ఎన్నాళ్లుగా అని అడిగితే, "ఏం లేదులేక్కా" అన్నాడు. చొక్కా కింద పక్కటెముకలు ఒక్కొక్కటీ కనపడుతున్నాయి.

మా ఆయన బండి మీద ఆస్పత్రికి తీసుకుపోయాం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి ఉంది. టీబీ అన్నారు. ఇన్ని నెలలుగా జ్వరం వస్తూ ఉండి ఉంటుంది, పిల్లాడు ఎవరికీ చెప్పలేదా అని డాక్టరు అడిగాడు. హాస్టల్లో నర్సు ఉంది. వారం వారం ఇంటికి ఫోన్ చేసుకోనిచ్చేవాళ్లు. వాడు ఎవరికీ చెప్పలేదు. రాత్రుళ్లు చెమటకు తడిసిన చొక్కా మార్చుకుని, పొద్దున్నే అందరితో పాటు మైదానానికి పోయేవాడట.

నాయన ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చాడు. వార్డులో వాడి మంచం పక్కన నిలబడి, సూది గుచ్చి తీసిన పచ్చటి నీళ్ల సీసా చూశాడు. వాడి కాలు మీద చెయ్యి వేశాడు.

"ఏంటికి చెప్పలేదు నాయనా? ఒక్క మాట చెప్పింటే వచ్చి తీసకపోయేవాణ్ని గదా."

వాడికి కోపం లేదు. అడిగిన ప్రశ్నకు తెలిసిన జవాబు చెప్పినట్టు చెప్పాడు.

"ఆ పొద్దు చెప్పినా గదా నాయనా."

ఏ పొద్దు అని నాయన అడగలేదు. కాలు మీది చెయ్యి తీసేశాడు. బయటికి పోయి బస్టాండు వైపు నడిచాడు. ఊరికి వెళ్లిపోయాడేమో అనుకున్నాం. చీకటి పడే ముందు తిరిగొచ్చాడు, చేతిలో బ్రెడ్డు, అరటిపండ్లు. వాణ్ని లేపి కూర్చోబెట్టి పండు ఒలిచి ఇచ్చాడు. వాడు తిన్నాడు. ఆ తర్వాత ఆ గొప్పల కథ నాయన నోట నేను ఎప్పుడూ వినలేదు. ఎవరన్నా ఎత్తితే లేచి పోయేవాడు.

మందులు పూర్తిగా వాడి తమ్ముడు కోలుకున్నాడు. ఒక సంవత్సరం పోయింది. ఆ బడికి తిరిగి పోలేదు. ప్రొద్దుటూరులోనే పదో తరగతి రాసి, పాలిటెక్నిక్‌లో చేరాడు. మధ్యరకంగా చదువుతున్నాడు. మంచి పిల్లాడు, అమ్మకు పనుల్లో సాయపడతాడు. కానీ పోయిన సంవత్సరం పన్ను పుచ్చి దవడ వాచిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఇప్పటికీ వాడు నిద్రపోయాక నుదురు తాకి చూస్తుంది. ఇరవై ఏళ్ల వాణ్ని ఎట్లా ఉన్నావని అడిగితే నిజం రాదని ఆమెకు తెలుసు.

నా కూతురికి అయిదేళ్లు నిండాయి. ఇప్పుడు పులివెందులలో కూడా ఆ ప్రవేశ పరీక్షకు ఒకటో తరగతి నుంచే పునాది క్లాసులు పెడుతున్నారు. మా ఆడబిడ్డ పిల్లలు పోతున్నారు. పాప చురుకైనది, ఒక్కసారి వింటే పట్టేస్తుంది. మా ఆయన పోయి కనుక్కుని వచ్చాడు. అందరి పిల్లలూ పోతుంటే మన బిడ్డ ఒక్కటే వెనకబడాలా అన్నాడు. ఆయన మాట కొట్టిపారేయలేను. నేర్పించకుండా పంపితే సీటు రాదు. ఆ సీటు కొందరి బతుకులు మార్చిన మాట నిజం. మా తమ్ముడికి నేర్పడమే చెరుపు చేసిందని కూడా నేననను. లైనింగ్ గుడ్డ మడిచి కత్తిరిస్తున్నప్పుడు వాడు సంతోషంగా ఉన్నాడు. ఆ తర్వాత పిల్లాడి మాట కంటే పరీక్ష పెద్దదైపోయింది. అది ఏ రోజున అయిందో ఎంత వెతికినా నాకు దొరకదు. మా ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు.

జూన్ దాకా ఆగుదామని మా ఆయనతో అన్నాను. చేర్పిస్తే ఒక మాట ఇవ్వమని అడిగాను. పాప ఏ రోజు నొప్పి అన్నా, ఏ గేటు దగ్గర అన్నా, ఇంకేమీ అడగకుండా వెనక్కి తీసుకురావాలి.

ఆయన వెంటనే సరేనన్నాడు. దానికేముంది, బిడ్డ కంటే పరీక్ష ఎక్కువా అన్నాడు. నాకు ధైర్యం రాలేదు. మా నాయనను అప్పట్లో ముందే అడిగి ఉంటే, ఆయన కూడా ఇంత తొందరగానే సరేనని ఉండేవాడు.